బర్ల కొట్టంలో నా సంతకం

మా కాలంలో మీసం మొలిచే వయసూ సంతకం ముదిరే వయసూ ఒకటే. నాకు మీసం సరిగా రాలేదు కాబట్టి ఆ లోటంతా సంతకంతో తీర్చుకున్నాను. మొదటి అక్షరానికి పడగ, చివరిదానికి తోక, కింద రెండు గీతలు, వాటి కింద చుక్కలు. (చుక్కలెందుకని అడిగినవాళ్లను జాలిగా చూసేవాణ్ని.)

అప్పుడే తాండూరులో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. మంచి బండను ఏరి సుద్దముక్కతో టిక్కు పెట్టడమే పని. కడిగితే పోయే సుద్దతో నాలాంటివాడు టిక్కు పెట్టడమా? సేఠ్ ఊళ్లో లేని రోజు చూసి, ఎర్ర ఆయిల్ పెయింటు తెచ్చి, పాలిష్ చేసిన వైపే బండబండకూ నిండు సంతకం చేశాను. లోడు ఎత్తే హమాలీ ఒకాయన, గీ బండలన్నీ నీ పేర రిజిస్ట్రీ అయినయా సారూ అన్నాడు. కుళ్లుకుంటున్నాడనుకున్నాను.

ఆ లోడు మోమిన్‌పేట్‌లో కొత్తగా కడుతున్న ఒక ఇంటికి పోయింది. ఆ ఇంటి అమ్మాయినే మావాళ్లు నాకు అడుగుతున్నారు, మాట ఇంకా ఖాయం కాలేదు. కాగితం కాలికి తగిలినా తీసి కళ్లకద్దుకునే ఇల్లది. ఆ గీతలు ఎవరివో లారీ డ్రైవరు విప్పి చెప్పాడట. అమ్మాయి తల్లి ఆ బండల మీద కాలు పెట్టనంది. రాయి పెయింటును పీల్చేసుకుంది, కిరోసిన్‌తో రుద్దినా పోలేదు. తండ్రి నన్ను పిలిపించాడు. అరిచినా బాగుండేది.

"పేరు రాసుకుంటందుకు నీకు ఇంకో జాగ దొరకలేదా నాయినా? నా బిడ్డ రోజూ నిన్ను తొక్కుకుంట తిరగాల్నా?"

సంబంధం పోయిందనుకున్నాను. అప్పుడు లోపలినుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"గా బండలు బర్ల కొట్టంల ఎయ్యి నాయినా. బర్లకు చదువు రాదు గద."

అలా నా పేరు కొట్టానికీ, నేను ఆ ఇంటికీ ఖాయమయ్యాం. ఆ తర్వాత సంతకం ఏటేటా చిక్కిపోయింది. కొత్తగా చేరిన ఆఫీసులో ఫైళ్ల తొందరకు చుక్కలు పోయాయి, పిల్లల ప్రోగ్రెస్ కార్డుల దగ్గర గీతలు పోయాయి, ఎప్పుడో పడగ కూడా దించుకుంది. మిగిలింది ఒక వంకర గీత. మొన్న వికారాబాద్ బ్యాంకులో, పెళ్లికి ముందు తెరిచిన ఖాతా దగ్గర, మనవరాలి వయసు పిల్ల, సంతకం కలుస్తలేదు అంకుల్, పాతది గుర్తు చేసుకోండి అంది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ చిక్కుడుకాయల మీదినుంచి తలెత్తలేదు.

"మా కొట్టంల మస్తున్నయి గద. పోయి చూసి రారాదు."

పోయాను. పేడ కడిగితే కొంచెం వెలిసినా తోకా చుక్కలతో సహా ఉంది. పక్కనే గొంతుక్కూర్చుని కాగితం మీద దిద్దాను. ఎంత దిద్దినా నా చేతికి ఆ పొగరు రాలేదు. అప్పుడు ఆ సంతకం చేసిన కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొచ్చింది, కొంచెం అసూయ కూడా వేసింది. అంతలో ఒక బర్రె వచ్చి పడగ మీద కాలేసి నిలబడింది. సంతకం చూడాలి, జరగమన్నాను. అది జరగలేదు. దానికి చదువు రాదు.