అల్లుడి యాక్సెస్

2024 వానాకాలం. నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు కాస్త అవతల రక్తం, కళ్లె పరీక్షలు చేసే సూర్యారావు గారి ల్యాబ్. దూరాల నుంచి వచ్చే రోగులు రిపోర్టు కోసం మళ్లీ బస్సెక్కే పని లేకుండా ఆయన అన్నీ క్లౌడ్‌లో పెట్టి ఫోనుకు పంపేవారు. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ ఉండదు. ఎక్కడో ఇంకొకరి పెద్ద కంప్యూటర్లో మనం అద్దెకు తీసుకున్న గది. అలాంటి గదుల తాళాలు చూసుకోవడం నా పని. అంతకు ముందు చాలాకాలం పత్రికలో పనిచేశాను గనక, తాళం ఎంత గట్టిదన్నదాని కన్నా అది ఎవరెవరి దగ్గరుందన్నదే ముందు అడుగుతాను.

ఇక్కడ ముగ్గురి దగ్గరుంది. సూర్యారావు గారు, కౌంటరులో కూర్చునే ఆయన భార్య సత్యవతి గారు, వాళ్ల కొత్తల్లుడు. ఆ ఏర్పాటంతా చేసిపెట్టింది అల్లుడే కాబట్టి, ఏ రిపోర్టయినా తెరవగలిగే అడ్మిన్ హక్కు అతనికుంది. కాని నేను వెళ్లేసరికే అతను ల్యాబ్ పని మానేసి, అనకాపల్లిలో షుగరుకీ దగ్గుకీ ఏవో పొడులు అమ్మే ఏజెన్సీ పెట్టుకున్నాడు.

పని మానేసిన మనిషి యాక్సెస్, అంటే లోపలికి వచ్చే అనుమతి, ఆ రోజే తీసేయాలి. మా వృత్తిలో ఇది ఓనమాల పాఠం. అదే చెప్పాను.

"అల్లుణ్ణి తీసీడమేటండీ?" అన్నారు సూర్యారావు గారు. "రేపు మా అమ్మాయి ఫోన్ చేసి ఏడిస్తే మీరొచ్చి ఊరుకోబెడతారా?"

తరువాతి నెల మళ్లీ అడిగాను. ఆషాఢమన్నారు. "అసలే అల్లుడు అత్తారింటి గడప తొక్కని నెల. ఇప్పుడీ పని చేస్తే కోపంతో చేశామనుకుంటారండీ."

"క్లౌడ్‌లో గడప రోజూ తొక్కుతూనే ఉన్నాడు కదండీ."

ఆయన నవ్వేసి టీ తెప్పించారు. శ్రావణంలో, అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు, ఇంట్లో ఉండగా బాగోదన్నారు. తర్వాత వినాయకచవితి వెళ్లనివ్వమన్నారు. ఆయనకు కావలసిన మంచిరోజు ఏ పంచాంగంలోనూ లేదని నాకు అర్థమైంది.

చవితి వెళ్లింది. ఒక ఉదయం నేను అక్కడ ఉండగానే వరహాలమ్మ వచ్చింది. రావికమతం వైపు ఒక పల్లెలో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే మనిషి. దగ్గు తగ్గకపోతే డాక్టరు టీబీ పరీక్ష రాశారు, ఇక్కడే చేయించుకుంది. టీబీ లేదని వచ్చింది.

"నా కాయితం ఎవులికి సూపించినారు బాబూ?" గొంతు పెంచకుండా అడిగింది. "కాయితం పంపడానికి నానిచ్చిన నంబరు మా మరిదిది. ఆడు ఫోనెత్తితే, వరహాలమ్మగోరు టీబీ పరీచ్చ సేయించుకున్నారంట, మా పొడి వోడండి అన్నాడంట ఎవులో. మాపటికి ఊరంతా తెలిసిపోనాది. నాను వొండితే పిల్లల్ని తిననియ్యం అని తల్లులు కూకున్నారు. కొన్నాల్లు రావొద్దన్నారు ఎడ్మాస్టరుగోరు. నాకున్నది ఆ పనొక్కటే."

ఎవరు ఏ రిపోర్టు ఎప్పుడు తెరిచారో క్లౌడ్ దానంతటదే రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. తెరిచి చూపించాను. ఆమె రిపోర్టు పక్కన అల్లుడి పేరుంది. దగ్గుకీ షుగరుకీ పరీక్షలు చేయించుకున్న ఇంకా చాలామంది పక్కనా ఉంది.

"చూసుంటాడు లెండి," అన్నారు సూర్యారావు గారు. "బయటివాడా ఏటి, మన మనిషే కదా."

"మీకు మన మనిషేనండి. ఆవిడకు బయటివాడే."

సత్యవతి గారు కౌంటరు దిగి వచ్చారు. "అల్లుడికి పీట ఇంట్లో వేస్తాం గాని ల్యాబ్‌లో ఎందుకండీ? తీసేయండి బాబూ. అలిగితే నేను మాటాడుకుంటాను."

నా ముందున్న టీ చల్లారకముందే ఆ పని అయిపోయింది. ఇంతమాత్రానికి ఆషాఢానికి ముందు నుంచీ బతిమాలుతున్నానా అని నా మీద నాకే విసుగేసింది. కాసేపటికి ఫోన్ మోగింది. "మావయ్యా, నా పాస్‌వర్డ్ పనిచెయ్యట్లేదు." సూర్యారావు గారు ఫోన్ భార్య చేతిలో పెట్టారు. "మా రోగుల ఫోన్ నంబర్లు ఎవరెవరికిచ్చారో ముందు అది చెప్పండి బాబూ," అంటూ ఆవిడ లోపలికి నడిచారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సూర్యారావు గారికి ఉన్నట్టుండి ఉత్సాహం వచ్చింది. "టీబీ లేదనే కదా ఉంది! ఈ రిపోర్టు వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టీసామంటే సరి." అప్పటికే తన ఫోన్లో రిపోర్టు తెరిచేశారు.

"ఒద్దు బాబూ," అంది వరహాలమ్మ. "ఇయ్యాల జబ్బు నేదని కాయితం సూపిత్తే, రేపు జొరమొచ్చినా సూపించమంతారు. నా వొల్లు ఊరందరికీ సూపించుకోవాలా? ఎడ్మాస్టరుగోరికొక్కరికే సూపిత్తాను. నానే సూపిత్తాను."

సూర్యారావు గారు ఫోన్ జేబులో పెట్టేసుకుని, రిపోర్టు ప్రింటు తీసి కవరులో పెట్టి ఆమె చేతికిచ్చారు. బడిదాకా తోడు వెళ్లి, ఆమె లోపల మాట్లాడినంతసేపూ గేటు బయటే నిలబడ్డారట. హెడ్మాస్టరు ఆమెను మళ్లీ పనిలోకి రమ్మన్నారు. కొందరు తల్లులు మాత్రం చాన్నాళ్లు పిల్లలకు ఇంటి నుంచే క్యారేజీ కట్టి పంపారు. యాక్సెస్ తీసేయగలిగాను గాని, బయటికి పోయిన మాటను వెనక్కి తేవడానికి నా దగ్గర ఏ తాళమూ లేదు.

ఇప్పుడు ఏ కొట్టుకో ఆసుపత్రికో పనికి వెళ్తే, పాస్‌వర్డ్ ఎంత పొడుగుందని అడగను. "మొహమాటపడి మీరు తీసేయలేకపోతున్నది ఎవరిని?" అని అడుగుతాను. మొన్న ఒక బట్టలకొట్టు యజమాని, అలాంటివాళ్లు మాకెవరూ లేరండీ అని గట్టిగా చెప్పి, నన్ను మెట్లదాకా సాగనంపి, అక్కడ ఆగి మెల్లిగా అన్నాడు.

"మా వియ్యంకుడండీ."