బాపు చూసినంతసేపు

అన్న పోయిన తర్వాత ఆయన గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. చిత్రాలు తీసిన మనిషిగా రాయమన్నారు. చిత్రాల గురించి చెప్పగలిగేవాళ్లు వేరే ఉన్నారు. నాకు తెలిసింది ఆయన మొదటి చిత్రం తయారైన ఏడు మా ఇంట్లో జరిగింది మాత్రమే. అది రాస్తాను.

మా ఊరు కోటగిరి దగ్గర. కాలువ కింద పొలం. కొంత వరి, ఎక్కువ చెరుకు. అన్న నాకంటే పదేళ్లు పెద్ద. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివాడు. చదువు కాగానే నిజామాబాద్‌లో ఫొటో స్టూడియో పెట్టాడు. పెళ్లిళ్లకు, ఫ్యాక్టరీ సభలకు పోయి ఫొటోలు తీసేవాడు. వదిన, పిల్లలు ఊళ్లోనే మా అమ్మానాన్నల దగ్గర, అంటే అవ్వ, బాపుల దగ్గర ఉండేవాళ్లు. అన్న వారానికోసారి వచ్చేవాడు. తర్వాత నెలకోసారి అయింది.

బొంబాయి స్నేహితుడెవరో ఆయనకు పాత సినిమా కెమెరా ఒకటి ఇచ్చాడు. గడియారానికి ఇచ్చినట్టు చావి ఇస్తే నడుస్తుంది. ఒక చావికి అర నిమిషం కూడా రాదు. దానితో రెండు సీజన్లు తిరిగి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల మీద చిత్రం తీశాడు. పొలంలో నరకడం, బండికెత్తడం, గేటు ముందు బండ్ల వరుస, కాంటా మీద తూకం. అంతే. నటులు లేరు, పాటలు లేవు. వదిన నవ్వేది.

"పెండ్లికి ఫొటోలు దియ్యమంటే తీరది గని, ఎడ్ల ఎనుక తిరుగుమంటే నిద్ర సుత లేకుంట తిరుగుతడు. ఎడ్లేమన్న పైసలిస్తయా?"

నవ్వులో కోపం ఉండేది.

ఆ చిత్రంలో బాపు ఉన్నాడు. గేటు ముందు వరుసలో మా బండి నిలబడి ఉంది. బాపు బండి దిగి, ఎడ్లకు గడ్డి వేసి, తలపాగా విప్పి మొహం తుడుచుకుంటాడు. కెమెరా వైపు చూడవద్దని అన్న అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పాడు. బాపు చూశాడు. చావి అయిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు.

"చూడద్దన్న గదనే బాపు, రీలు ఖరాబైంది" అని అన్న విసుక్కుంటే, "పెట్టెను ఎవడు సూసిండురా, నిన్ను సూసిన" అన్నాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

చిత్రం పూర్తయింది కానీ దానికి మాట లేదు. శబ్దం ఎక్కించే స్తోమత అన్నకు లేకపోయింది. స్టూడియోల బయట సొంతంగా చిత్రాలు తీసేవాళ్ల కోసం బొంబాయిలో కొందరు ఒక ఉత్సవం పెట్టుకున్నారు. వాళ్లు దీన్ని తీసుకున్నారు. తెర పక్కన నిలబడి అన్న స్వయంగా మాటలు చెబుతానంటే ఒప్పుకున్నారు. ఆయన ఆ మాటలను ఉర్దూలో రాసుకున్నాడు. ఆదివారం ప్రదర్శన. శుక్రవారం రైలు. ఉన్నది ఒకటే ప్రింటు, అది ఆయన దగ్గరే ఉంది.

ఆ వారం సోమవారం పొద్దున బాపు పోయాడు. పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. గుండె అన్నారు.

కబురు అంది అన్న మధ్యాహ్నానికి వచ్చాడు. పాడె కట్టడం అయిపోయింది. బంధువులందరూ వాకిట్లో ఉన్నారు. నన్ను చెయ్యి పట్టుకొని కొట్టం వెనకకు తీసుకుపోయాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు మామూలుగా ఉంది.

"తమ్మీ, కొరివి నువ్వు పెట్టు."

నాకు అర్థం కాలేదు. మాలో తండ్రికి కొరివి పెద్దకొడుకు పెడతాడు. పెట్టినవాడు పదోనాటి దినం అయ్యేదాకా పొలిమేర దాటకూడదు.

"నేను పెడితే పదొద్దులు ఈన్నే ఉండాలె" అన్నాడు. "ఆదివారం మల్ల రాదు. గీ ఒక్కటి ఒప్పుకో. మిగిలినయి అన్ని అచ్చినంక చేస్త."

ఆయనకు ఆ చిత్రం ఎంతో నాకు తెలుసు. వాకిట్లో అవ్వ ఎట్లా కూర్చుని ఉందో కూడా తెలుసు. మేము వెనక నిలబడడం చూసి చిన్నాయిన వచ్చాడు. ఆయన బాపుకు తమ్ముడు. చెప్పకుండానే సంగతి పసిగట్టాడు.

"ఏందిరా, సినిమా కొట్లాటనా? మీ బాపు ఇంక వాకిట్లనే ఉన్నడు."

అన్న చెప్పేశాడు. చిన్నాయిన గొంతు తగ్గించలేదు. వాకిట్లో అందరికీ వినబడేటట్టే మాట్లాడాడు.

"పెద్దోడు సక్కగ నిలవడి ఉండంగ సిన్నోడు కుండ వడ్తడా? చూసినోళ్లు ఏమంటరు, పెద్దోడు సుత సచ్చిండా అంటరు. అనిపించుకుంటవా? అనిపించుకో. నాదేం వోయింది."

ఏడుపులు ఆగిపోయాయి. అందరూ మా వైపే చూస్తున్నారు. అన్న వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఏం చేస్తాడో నాకు తెలియలేదు. ఆయనకు కూడా తెలియదనే అనుకుంటాను. వదిన పిల్లవాణ్ని చంకనేసుకొని గడప దగ్గర నిలబడి ఆయన మొహమే చూస్తోంది.

అవ్వ బాపు కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. తల ఎత్తకుండా అన్నది:

"ఎవలు వెట్టినా కాలేది గా మనిషే. జల్ది తేల్చుండ్రి. పొద్దువోతుంది."

కోపంగా అనలేదు. అందుకే అన్న నిలవలేకపోయాడనుకుంటాను. వంగి అగ్గికుండ ఎత్తుకున్నాడు.

మూడోనాడు బూడిద ఎత్తి కాలువలో కలిపి వచ్చాం. అన్న అరుగు మీద చాప వేసుకొని కూర్చునేవాడు. ఒంటిపూట తినేవాడు. ఎవరు పలకరించినా ఊ అనేవాడు. నిజామాబాద్ నుంచి వెంట తెచ్చుకున్న రీలు రేకుడబ్బా గూట్లో ఉంది. దాని వైపు చూసేవాడు కాదు. అది నాకు నచ్చలేదు. వదినకు నాకంటే ముందే అర్థమైంది. బియ్యం ఏరుతూ, అరుగు మీదున్న ఆయనకు వినబడేటట్టు నాతో అన్నది:

"నువ్వు వో బొంబాయికి."

"నేనా?"

"డబ్బ ఆడికి వోకపోతే ఈ మనిషి పదొద్దులు గాదు, ఉన్నంత కాలం గిట్లనే కూసుంటడు. గిసొంటి మనిషిని దినాం సూసుడు నాతోని గాదు. నువ్వు వో, పుణ్యముంటది."

చిన్నాయిన విని మండిపడ్డాడు. ఇద్దరు కొడుకుల్లో ఒకడు మైలలో సినిమాకు పోయాడంటే కులంలో తల ఎత్తుకోలేమన్నాడు. "పోయినోడు కొరివి పెట్టినోడు గాదు మామా" అన్నది వదిన, ఏరిన బియ్యం చేటలో ఎగరేస్తూ. అవ్వ అడ్డం చెప్పలేదు. అంతకంటే అనుమతి మాకు అక్కర్లేదు.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. అన్న రాసుకున్నది ఉర్దూ లిపిలో ఉంది. నేను చిన్నప్పుడు ఆ అక్షరాలు దిద్దాను గాని, తర్వాత బడి తెలుగులోకి మారింది. మాట వస్తుంది, చదవడం రాదు. అందుకని అన్న చెబుతుంటే నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. ఇంట్లో ప్రొజెక్టర్ లేదు. చిత్రం ఆయన తలలో ఉంది. కళ్లు మూసుకొని, మాటలు చెప్పి, దృశ్యం మారే చోట మోకాలి మీద చెయ్యి కొట్టేవాడు. "ఈడ ఆగు. కోత అయిపోయింది. ఇప్పుడు బండి వస్తది. ఎడ్లు కనవడ్డంక మొదలువెట్టు." రెండు రోజులు అదే పని చేశాం. ఆయన గొంతు కొంచెం లేచింది.

బాపు వచ్చే చోటికి వచ్చాం. అన్న కళ్లు తెరిచి నేల వైపు చూస్తూ చెప్పాడు. తెలుగులో చెప్పాలంటే ఇది:

"ఈయన మా బాపు. చూడవద్దన్నాను, చూశాడు. ఇంట్లో నన్ను ఎప్పుడూ ఇంతసేపు చూడలేదు. ఇంట్లో నేను ఎప్పుడున్నాను గనుక."

"రాసినవా?" అన్నాడు.

"రాసిన."

"మెల్లగ చదువు. తొందర వడకు."

ఆయన మోకాలి మీద చెయ్యి కొట్టలేదు.

బోధన్ దాకా ఎడ్లబండి, నిజామాబాద్ దాకా బస్సు, అక్కడ రైలెక్కి మన్మాడ్‌లో మారాను. డబ్బా ఒడిలోనే పెట్టుకున్నాను. నేను బడిపంతుల్ని. పిల్లల ముందు తప్ప ఎక్కడా నిలబడి మాట్లాడింది లేదు.

అది చిన్న హాలు. నాకంటే ముందు మూడు చిత్రాలు వేశారు. అవి ఎట్లా ఉన్నాయో చెప్పలేను, నాకు ఏమీ కనబడలేదు. మా చిత్రం మొదలైంది. అన్న చేతిదెబ్బలు గుర్తు పెట్టుకొని చదివాను. కోత, బండి, ఎడ్లు. ఒక్క మాట కూడా తప్పలేదు. గేటు వచ్చింది. బండ్ల వరుస వచ్చింది.

బాపు బండి దిగాడు.

ఆయనను నేను అంతకుముందు తెర మీద చూడలేదు. వారం కిందట ఆయన కాళ్లు నేనే పట్టుకొని పాడె మీదకు ఎత్తాను. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకొని చూశాడు. కాగితం నా చేతిలో ఉంది, అక్షరాలు కనబడుతున్నాయి. నోరు రాలేదు. హాల్లో ప్రొజెక్టర్ తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. చావి అయిపోయింది. కాంటా వచ్చింది. నేను మళ్లీ చదవడం మొదలుపెట్టాను.

అయిపోయాక కొందరు నా దగ్గరకు వచ్చారు. ఉత్సవం నడిపే ఆయన నా చెయ్యి పట్టుకొని, ఆ ముసలాయన దగ్గర మాట లేకుండా వదిలేయడం చాలా గొప్పగా ఉందన్నాడు. మిగతా చోట్ల మాటలు కొంచెం ఎక్కువయ్యాయని కూడా అన్నాడు. చిత్రం నాది కాదు, మా అన్నదని చెప్పాను. వచ్చే నెల ఢిల్లీలో వేస్తామనీ, ఈసారి అన్నను రమ్మనీ, ఆ మౌనం మాత్రం అట్లాగే ఉంచమనీ అన్నాడు.

పదోనాడు పొద్దున ఊరు చేరి, ఇంటికి పోకుండా నేరుగా కాలువ గట్టుకు పోయాను. మగవాళ్లందరూ అక్కడే ఉన్నారు. అన్న మంగలి ముందు కూర్చున్నాడు, సగం గుండు అయింది. నా చేతిలో డబ్బా చూసి చిన్నాయిన అందరి ముందు అన్నాడు:

"ఏమాయెరా, మీ బాపు బొంబాయి సూసిండా?"

ఎవరో నవ్వారు.

"సూసిండు చిన్నాయినా" అన్నాను. ఆయన మొహం మారింది. భుజం మీది తువ్వాల తీసి ముక్కు తుడుచుకుంటూ అవతలికి పోయాడు.

అన్న తల వంచుకొనే అడిగాడు.

"గాడ సదివినవా?"

ఎక్కడో అడగాల్సిన పని లేదు.

"లేదన్నా. నోరు రాలే. మిగిలినయన్ని సదివిన."

మంగలి కత్తి ఆపాడు. అన్న అతన్ని కానీయమని చేత్తో చెప్పాడు. వాళ్లు మెచ్చుకున్న సంగతి, ఢిల్లీ సంగతి, మౌనం ఉంచమన్న సంగతి అన్నీ చెప్పాను. దాచడానికి ఏమీ లేదు. ఆయన అంతా విన్నాడు.

"గదే మంచిగుందన్నరా?"

"అన్నరు."

"నేను రాసినదాంట్ల నిజం గదొక్కటే తమ్మీ."

నా మీద కోపం లేదు ఆ గొంతులో. ఉంటే తేలికగా ఉండేది. నీళ్లు పోసుకొని వచ్చి తడిబట్టలతో నిలబడి, "ఢిల్లీకి నేనే వోత. నేనే చెప్త" అన్నాడు.

సరిగ్గా ఢిల్లీ పోవాల్సిన రోజుల్లోనే ఫ్యాక్టరీ నుంచి మా చెరుకుకు కోత ఆర్డర్ వచ్చింది. ఆర్డర్ వచ్చినప్పుడు నరకాలి, నరికింది ఎండకముందే కాంటాకు చేర్చాలి. బాపు లేడు. అన్న ఢిల్లీ పోవడమా, కోత దగ్గర ఉండడమా అని ఇంట్లో మళ్లీ గొంతులు లేచాయి. నేను బడికి సెలవు పెట్టి కోత దగ్గర నిలబడ్డాను. ఈసారి చిన్నాయిన ఏమీ అనలేదు. తన ఎడ్లు కూడా పంపించాడు.

అన్న తిరిగి వచ్చేసరికి ఆఖరి బండి పోయింది. మధ్యాహ్నం అందరం అన్నానికి కూర్చున్నాం. వదిన వడ్డిస్తోంది. అవ్వ గోడకు ఆనుకొని కూర్చుంది. ఎవరూ అడగకపోతే నేను అడిగాను.

"చెప్పినవా అన్నా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

"ఏమనలే. అయిపోయినంక గా బొంబాయాయన అచ్చి, గీ మాటలు తీసేస్తే ఇంక నాలుగు జాగలల్ల వేయిస్త అన్నడు. బయట దేశంల సుత."

"తీసేస్తవా?"

"తియ్య."

ఆ తర్వాత ఆ చిత్రాన్ని ఎవరూ పిలవలేదు. అది తర్వాతి మాట. అప్పుడు వదిన గరిటె పట్టుకొని అట్లాగే నిలబడింది.

"ఏం మాటలు? గంత దూరం వోయి ఏం చెప్పినవు?"

మా ఇంట్లో అవి నాకు తప్ప ఎవరికీ తెలియవు. అరుగు మీద చెప్పింది ఉర్దూలో. అన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. తర్వాత తెలుగులో చెప్పాడు, మొదటిసారి. మా బాపు. చూడద్దన్న, సూసిండు. ఇంట్ల నన్ను ఎప్పుడు గింతసేపు సూడలే. ఇంట్ల నేను ఎప్పుడున్న గనుక.

వదిన గరిటె గిన్నెలో పెట్టింది.

"గిది బొంబాయిల, ఢిల్లీల చెప్పేదా? ఇంట్ల చెప్పద్దా?"

అవ్వ గోడ దగ్గర నుంచి కొంచెం ముందుకు జరిగింది. ఆమెకు అప్పటికే చెవులు సరిగా వినబడవు.

"ఇంకోపారి చెప్పు బిడ్డా" అన్నది.

అన్న గొంతు పెంచి మళ్లీ చెప్పాడు.