బాలింత కోడికి కుంపటి

మా ఇబ్రహీంపట్నంలో ఎంత చలి పెట్టినా నీళ్లు గడ్డకట్టవు. కోడిపిల్లలు చావడానికి అంత చలి అక్కర్లేదు. పోలీసు చర్య తర్వాత వచ్చిన చలికాలంలో మా అక్క ఈ సంగతి కనిపెట్టింది. అక్క పోయి ఏడాది కావస్తున్నది. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఆ కోళ్లే గుర్తుకొస్తున్నాయి.

అంతకుముందు రెండేళ్లూ ఊళ్లోకి తుపాకీతో ఎవరొచ్చినా కోడినే అడిగేవాళ్లు. లేదనడానికి లేదు. ముందు పుంజులు పోయాయి, తర్వాత పెట్టలు. మా వాడలో కోడికూత ఆగిపోయింది. అమ్మ వేగుచుక్కను చూసి లేవడం నేర్చుకున్నది; మబ్బు పట్టిన రోజు ఆలస్యంగా లేచి, అందరినీ తిట్టేది. వడ్ల గుమ్మి వెనక అక్క దాచిన నల్లపెట్ట ఒక్కటే మాకు మిగిలింది. యాచారంలో మేనత్త ఇంట ఇంకా ఒక పుంజు ఉండేది. అక్కడినుంచి గుడ్లను తవుడులో పెట్టి తెచ్చి, అక్క ఆ పెట్ట కింద పొదగవేసింది. ఇవి బతకకపోతే ఇక మా ఇంట్లో కోళ్లు లేనట్టే.

పిల్లలు పుట్టిన సంబరంలో అమ్మ కుమ్మరి దగ్గర కొత్త మూకుడు తెచ్చి, పొద్దుగూకగానే నీళ్లు పోసి, తల్లినీ పిల్లల్నీ మూసిన గంప పక్కన పెట్టింది. పొద్దున గంప ఎత్తి వదిలాం. కాసేపటికి రెండు పిల్లలు మూకుడు పక్కన బిగుసుకుపోయి ఉన్నాయి. మర్నాడు ఇంకొకటి.

“దిష్టి తగిలింది. ఒక్కటి గూడ మిగలది. మళ్ల ఎవడన్న ఎత్తుకపోకముందే పెట్టను కోసుకుందాం” అన్నది అమ్మ.

అక్క చచ్చిన పిల్ల రొమ్ము తడిమింది. తడిగా ఉంది. మూకుట్లో వేలు పెట్టి చూసి, అమ్మవైపు తిరిగింది.

“అవ్వా, నీళ్లు ఇగం లెక్కున్నయ్. కొత్త మూకుడు ఊరుతది, నీళ్లింకా సల్లగయితయ్. బాలింతకు గిసోంటి నీళ్లు తాపుతరా?”

“ఓహో! నీ బాలింతకు కుంపటి గూడ పెట్టు, కాయం మందు గూడ తినిపియ్.”

“కుంపటి నేను పెడ్త. కాయం నువ్వు నూరు.”

మాటకు మాట అనుకున్నాను. అక్క నిజంగానే కుంపటి తెచ్చింది. పొయ్యిలోని వేడి బూడిద నింపి, ఏళ్ల తరబడి నూనె పీల్చి నల్లబడిన పాత మూకుడును అందులో సగం దించింది. గోరువెచ్చని నీళ్లు పోసి, పిల్లలు లోపలికి దిగి తడవకుండా గులకరాళ్లు వేసింది. రాళ్ల సందున ముక్కు మాత్రమే పడుతుంది. బూడిద చల్లారితే మార్చడం నా పని. పెట్ట తాగింది. పిల్లలు తాగి, వెచ్చని కుంపటికి ఆనుకుని కూర్చున్నాయి.

అమ్మ అటు వెళ్లినప్పుడల్లా నవ్వేది. కొద్దిరోజులకు స్నానాల కాగులోంచి వేన్నీళ్లు తానే ముంచి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక్క పిల్లా చావలేదు.

ఎండలు ముదిరాక ఒక తెల్లవారుజామున మా గోడ మీదినుంచి కూత వినిపించింది. బొంగురు గొంతు, సగంలో తెగిపోయింది. మళ్లీ కూసింది. ఈసారి పూర్తిగా. వాడలో తలుపులు తెరుచుకున్నాయి.

“ఎవరింట్ల పుంజే అది?” పక్కింటావిడ గోడ అవతలినుంచి అరిచింది.

అక్క నోరు తెరిచేలోపే అమ్మ వాకిట్లోకి వచ్చి, వాడంతా వినేట్టు చెప్పింది.

“మా బాలింత కొడుకు!”