కట్టరుకి నవమి బొట్టు

ఆర్కిటెక్చర్ చదువుతున్నానని చెబితే, ఆ రోజుల్లో మా రాజమండ్రిలో అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగేవారు. డాక్టరు తెలుసు, ఇంజనీరు తెలుసు, ఇదేమిటో మధ్యలో. "అంటే ఇంజనీరేనాండీ?" అని మర్యాదగా అడిగేవారు. కాదంటే వాళ్ళు చిన్నబుచ్చుకునేవారు, అవునంటే నాకు పౌరుషం పొడుచుకొచ్చేది. మా నాన్నగారు మాత్రం అడిగినవాళ్ళందరికీ "మా అమ్మాయి మేడలు గీస్తుందండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. ఆయనది బెల్లం కొట్టు. మెయిన్ రోడ్డు పక్క సందులో కింద కొట్టు, పైన మా ఇల్లు. నాలుగో ఏడాదిలో నేను సెలవులకొచ్చి, కింద దుకాణాలూ పైన ఊరి జనం వాడుకునే గదులూ ఉన్న భవనాన్ని మిక్స్‌డ్ యూజ్ అంటారనీ, దాన్ని డిజైన్ చేయడం ఎంతో కష్టమనీ గంభీరంగా వివరించాను. ఆయన కాటా మీంచి బెల్లం దిమ్మ దించుతూ అంతా విని, "మీ తాత ఏ కాలేజీకీ వెళ్ళకుండానే కట్టేశాడే ఇది!" అన్నారు.

ఆ ఏడాది ప్రాజెక్టుకి నేను ఎంచుకున్నది నరసాపురం రేవు. పంటెక్కి గోదావరి దాటడానికి వచ్చిన జనం ఎండలో నిలబడి ఉంటారు, అక్కడికి దగ్గర్లోనే ఆడవాళ్ళు ఇళ్ళ గడపల్లో కూర్చుని లేసు అల్లుతుంటారు. ఈ ఇద్దరికీ కలిపి ఒక భవనం కట్టేస్తే ఊరు బాగుపడిపోతుందని నా ఆవేశం. కింద దుకాణాలు, పంటు టిక్కెట్ల కిటికీ. పైన లేసు అల్లుకునే హాలు, ఓ చిన్న గ్రంథాలయం. వీటన్నిటి మీదా నా ప్రాణం, నా గర్వం అయిన తెరచాప. అవును, పైకప్పు తెరచాప ఆకారంలో, గాలికి ఉబ్బినట్టుగా, ఏటి మీదికి వంగి ఉంటుంది. దాని కింద నీడ పడుతుందా, వానొస్తే నీళ్ళెటు పోతాయి లాంటి అల్పమైన ప్రశ్నలు నాకు తట్టలేదు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో తెరచాప తట్టాక ఇంకేం తడుతుంది?

నా అదృష్టానికి నాకు పడిన గైడు కట్టరు మాస్టారు. పేరు మేం పెట్టిందే. ఆయన చొక్కా జేబులో పెన్నుండదు, అట్టలు కోసే కట్టరుంటుంది. ఎవరి మోడల్ చూసినా ఒక చుట్టు తిరుగుతారు, కళ్ళజోడు సర్దుకుంటారు, కట్టరు బయటికొస్తుంది, అక్కర్లేదనుకున్న ముక్క చటుక్కున తెగి బల్ల మీద పడుతుంది. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి పెద్దాసుపత్రి డిజైన్ మొదలుపెడితే ఆయన చేతిలో పడి చివరికది మందుల షాపుగా మిగిలింది. నా మొదటి మోడల్‌లో మెట్లు పోయాయి. రెండోదానిలో ముందు వసారా పోయింది. రెండుసార్లూ ఆయన అడిగింది ఒకటే మాట: "ఇన్ని గీశావు, ఇందులో మనుషులెక్కడమ్మా?" నేను అట్టతో కత్తిరించి పెట్టిన బుల్లి మనుషుల్ని చూపిస్తే "వీళ్ళు మనుషులు కాదు, అలంకారం" అన్నారు. ఆఖరికి దసరా సెలవులకి ముందు తీర్పు చెప్పేశారు. "పండక్కి ధవళేశ్వరం మా అత్తగారింటికి వస్తున్నాను. మీ ఊరికి పక్కనేగా? నవమి నాడు మోడల్ పట్టుకురా. నచ్చితే సెలవులయ్యాక రివ్యూకి కూర్చో. లేదంటే వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి మళ్ళీ మొదట్నుంచి." బెల్లం కొట్టాయన కూతురు ఏడాది వెనకబడటమంటే మాటలా? మేడలు గీసే అమ్మాయికి ఇక పెళ్ళి సంబంధాలు గీయడం మొదలవుతుంది మా ఇంట్లో.

మూడో మోడల్‌ని విశాఖపట్నం నుంచి జనరల్ పెట్టెలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అన్నవరం దగ్గర ఎక్కినావిడ చాలాసేపు ఓపిక పట్టి, "కేకాండీ? ఎవరి పుట్టినరోజు?" అంది. ఇంటికొచ్చి దాన్ని ముందుగదిలో బల్ల మీద పెట్టి, ప్రయాణపు బడలిక తీరేదాకా పడుకుని, లేచి చూసేసరికి బల్ల మీద మోడల్ లేదు. ముందుగదిలో నాయనమ్మ బొమ్మల కొలువు ఉంది. ట్రంకుపెట్టెలు, స్టూళ్ళు మెట్లుగా పేర్చి, పైన తెల్ల పంచె పరిచి, దశావతారాలు, లక్క బొమ్మలు, అంబారీ ఏనుగు, తల ఊపే తాత అన్నీ వరసగా తీరి ఉన్నాయి. నడి మెట్టు మీద, చుట్టూ బంతిపూల మధ్య, నా నరసాపురం రేవు భవనం. తెరచాప మీదనుంచి ఒక కనకాంబరాల మాల వేలాడుతోంది.

"నాయనమ్మా!" అని నేను పెట్టిన కేక కింద కొట్టులోకి వినిపించి నాన్నగారు బెల్లం చేతులతోనే పైకొచ్చారు. నాయనమ్మ మాత్రం తొణకలేదు. "ఏటా ఒక కొత్త బొమ్మయినా పెట్టాలే, అది ఆనవాయితీ. ఈ ఏడు మోకాళ్ళ నొప్పులతో బజారుకెళ్ళలేక ఏం పెట్టాలా అని దిగులుపడుతుంటే నువ్వు తెచ్చావు. అమ్మవారే పంపింది" అంది. అది అమ్మవారు పంపింది కాదనీ, కట్టరు మాస్టారికి చూపించాల్సిందనీ, నవమికి ధవళేశ్వరం తీసుకెళ్ళకపోతే నా చదువు కొండెక్కుతుందనీ ఏడుపు గొంతుతో చెప్పాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని, "కొలువులో ఒకసారి పెట్టిన బొమ్మని దశమి హారతి ఇవ్వకుండా కదపకూడదు బంగారం. ఇంటికి మంచిది కాదు" అంది. నాన్నగారి వైపు చూశాను. వ్యాపారంలో ఎవరికీ తలొంచని ఆ మనిషి బెల్లం చేతులు చూసుకుంటూ నెమ్మదిగా మెట్లు దిగిపోయారు.

ఇంకో దారుణం మర్నాడు చూశాను. నా దుకాణాల్లో నాయనమ్మ శెట్టిగారి బొమ్మని, శెట్టమ్మ బొమ్మని కూర్చోబెట్టబోతే వాళ్ళు పట్టలేదు. పట్టరు మరి, నా భవనంలో తలుపు అగ్గిపుల్లంత, శెట్టిగారేమో కొబ్బరికాయంత. అందుకని ఆవిడ అగ్గిపెట్టెలు వరసగా పేర్చి, వాటి మీద సన్నని పొడుగాటి చెక్క ఒకటి పరిచి, భవనం ముందు ఆ చివర నుంచి ఈ చివర దాకా అరుగు కట్టేసింది. శెట్టిగారు ధాన్యపు బుట్టలతో దాని మీద దర్జాగా చేరారు. పక్కన శెట్టమ్మ, ఆ పక్కన తల ఊపే తాత, చివర్లో చంకలో పిల్లాడితో ఒక లక్క పిడత బుగ్గల అమ్మాయి. ఆ చెక్క ఎక్కడో చూసినట్టుందే అని వంగి చూస్తే, అది నేను గీతలు గీసుకునే టీ స్కేలు. పొద్దుటి నుంచి ఇల్లంతా దాని కోసమే వెతుకుతున్నాను. అది కూడా దశమి దాకా కదపకూడదట.

సాయంత్రాలు పేరంటాళ్ళు రావడం మొదలైంది. "ఈ మేడ ఎంత బావుందండీ, ఎక్కడ కొన్నారు?" అని ఎవరో అడిగితే నాయనమ్మ "కొనడమేంటమ్మా, మా మనవరాలు కట్టింది. నరసాపురం రేవులో" అంది. అక్కడితో ఆగలేదు. మర్నాటికి ఈ కబురు సందు దాటి, మెయిన్ రోడ్డు చేరి, నేను నరసాపురంలో నిజంగానే ఒక మేడ కట్టించానన్న వార్తగా తిరిగి మా కొట్టుకే వచ్చింది. "మా బావమరిదికి అందులో ఓ కొట్టు ఇప్పించండి. రేవు వైపుదయితే మరీ మంచిది" అని నాన్నగారి దగ్గర ఒకాయన కూర్చుండిపోయారు. పైన పేరంటాళ్ళు గదులు పంచేసుకుంటున్నారు. ఒకావిడ పై హాలు పెళ్ళిళ్ళకి ఇస్తారా అంది, ఇంకొకావిడ గ్రంథాలయంలో వారపత్రికలు తెప్పిస్తారా అంది. తెరచాప సంగతి ఒక్కరూ అడగలేదు. ఉండబట్టలేక నేనే దాన్ని చూపించి "ఇదేంటో చెప్పండి" అన్నాను. "అరిటాకు కదమ్మా?" అంది ఎదురింటి పిన్ని. నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను.

అష్టమి నాడు ధైర్యం కూడగట్టుకుని ఫోను బూత్‌కి వెళ్ళి, మాస్టారి అత్తగారి పక్కింటి నంబరుకి ఫోను చేశాను. లైన్లోకి వచ్చింది మాస్టారి భార్యగారు. సార్, మోడల్, కొలువు, హారతి, కదపకూడదు అని నేను తడబడుతూ చెప్పిందాంట్లో ఆవిడకి ఒక్కటే వినబడింది. "బొమ్మల కొలువు ఉందా మీ ఇంట్లో? అయితే మేమే వస్తాం లేమ్మా, ఈయన్ని తీసుకొచ్చే పూచీ నాది" అన్నారు. కట్టరు మా ఇంటికే వస్తోంది.

నవమి సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి కొట్టులో పూజ అయిపోయింది. కాటాకి, రాళ్ళకి, బెల్లం కొట్టే కత్తికి, నాన్నగారి స్కూటరుకి కూడా పసుపు రాసి బొట్లు పెట్టి ఉన్నాయి. పేరంటానికి మగవాళ్ళు పైకి రారు కాబట్టి మాస్టారు కింద నాన్నగారితో కూర్చున్నారు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి బెల్లం, భవనాలు తప్ప ఏం లేవు. (తర్వాత నాన్నగారు చెప్పారు, బెల్లమే మాట్లాడుకున్నారట.) పైన భార్యగారు కొలువు చూసి, శనగలు కొంగున కట్టుకుని, మెట్ల దగ్గరికెళ్ళి "ఏమండీ, ఒకసారి పైకి రండి, మీరు చూడాల్సిందే ఇది" అని పిలిచారు. పేరంటాళ్ళందరూ కొంగులు సర్దుకుని గోడ పక్కకి జరిగారు.

మాస్టారు వచ్చి కొలువు ముందు నిలబడ్డారు. కళ్ళజోడు సర్దుకున్నారు. కొలువు చుట్టూ తిరగడానికి చోటు లేదు కాబట్టి ఇటు నుంచి అటు నడిచారు. ఆయన చూపు తెరచాప దగ్గర ఆగింది. నాకు తెలుసు ఆ చూపు. చేయి జేబులోకి వెళ్ళింది, కట్టరు బయటికొచ్చింది, నేను కళ్ళు మూసుకున్నాను.

"అయ్యయ్యో, ఏంటి బాబూ అది! నవమి పూట ఆయుధం ముట్టకూడదు కదండీ!"

కళ్ళు తెరిచేసరికి కట్టరు మాస్టారి చేతిలో లేదు. నాయనమ్మ చేతిలో ఉంది. "మీ పనిముట్టా ఇది? మంచిదండీ, పూజలో పెడతాను. రేపు దశమి వెళ్ళాక మీదే" అంటూ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి దగ్గర నా కంపాస్ పెట్టె పక్కన భక్తిగా ఉంచి, మీద రెండు అక్షింతలు వేసింది. నాలుగేళ్ళుగా మా కాలేజీని గడగడలాడించిన మనిషి, ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పెద్దావిడకి ఎదురు చెప్పలేరు, పక్కన భార్యగారు నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇక ఆయనకి మిగిలింది ఒక్కటే పని. చూడటం.

చాలాసేపు చూశారు. తర్వాత మోకాళ్ళ మీద వంగి ఇంకా దగ్గరగా చూశారు. "అరుగు ఎప్పుడు వచ్చింది? నీ డ్రాయింగుల్లో లేదే" అన్నారు.

"లేదండీ. అది మా నాయనమ్మ కట్టింది" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు నాకప్పుడు.

"మరి శెట్టిగారు లోపల పట్టలేదండీ" అంది నాయనమ్మ, సంజాయిషీగా. "పండగపూట ఆయన్ని నిలబెట్టడం ఏం బావుంటుంది? అందుకని బయట కూర్చోబెట్టాను. కొట్టుకొచ్చినవాళ్ళూ కూర్చుంటారు, పంటు కోసం వచ్చినవాళ్ళూ కూర్చుంటారు."

మాస్టారు నవ్వారు. ఆయన నవ్వడం నేనదే మొదటిసారి చూడటం. "మూడో మోడల్‌కి ఇవాళ మనుషులొచ్చారమ్మా నీ బిల్డింగ్‌లోకి" అన్నారు. "రివ్యూకి కూర్చో." ఆ మాట వినగానే పేరంటాళ్ళ మధ్యనే, లక్క బొమ్మల పక్కన చతికిలబడి ఏడ్చేశాను. నన్నెవరో తిట్టారేమో అనుకుని నాయనమ్మ మాస్టారి వైపు గుడ్లురిమింది. ఆయన కంగారుగా "నేనేమీ అనలేదండీ, పాసవుతుందన్నాను" అని రెండుసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

కట్టరు మా ఇంట్లోనే ఉండిపోయింది. దశమి హారతి అయ్యాక టీ స్కేలు విడిపించుకుని, అరుగుని కొలతలతో గీసి, సెలవులయ్యాక మోడల్‌తో పాటు కట్టరుని కూడా కాలేజీకి పట్టుకెళ్ళి ఇచ్చాను. మాస్టారు దాని మీద బొట్టు తుడవలేదు. ఆ బొట్టుతోనే రివ్యూలో నా తెరచాపని మొదలంటా కోసి పక్కన పెట్టారు. అరుగు జోలికి మాత్రం వెళ్ళలేదు. ఆ పూట తెరచాప కోసం హాస్టల్లో అన్నం మానేశాను. రివ్యూకి ముందు తీయించిన మోడల్ ఫొటో ఇప్పుడు చూస్తే, పిన్ని చెప్పింది నిజమే, అరిటాకే.

నరసాపురం రేవులో ఆ భవనం ఎవరూ కట్టలేదు, కట్టాలని ఎవరూ అనుకోలేదు కూడా. మోడల్ మాత్రం నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఏటా కొలువెక్కింది. అట్ట వంగిపోయింది, గోడలు పసుపెక్కాయి, అరుగు మీద శెట్టిగారు మాత్రం అలాగే కూర్చున్నారు. తర్వాత నేను నిజమైన భవనాలు చాలానే కట్టాను. వాటిలో ఉన్నవాళ్ళు లిఫ్టు గురించీ కుళాయిల గురించీ ఇప్పటికీ ఫోను చేస్తూనే ఉంటారు. ఏ ఫిర్యాదూ లేకుండా నా దగ్గర కాపురమున్నవాళ్ళు శెట్టిగారి దంపతులిద్దరే.

ఇప్పుడు నాదో చిన్న ఆఫీసు. నా దగ్గర పనిచేసే పిల్లలు నన్ను వెనకాల "ఎర్ర పెన్ను మేడమ్" అంటారని ఈ మధ్యనే తెలిసింది. గీసినవన్నీ కొట్టేస్తానట. నేనా! అయినా ఏటా నవమి నాడు కంప్యూటర్లతో పాటు నా ఎర్ర పెన్నుకి కూడా బొట్టు పెట్టి పూజలో ఉంచుతాను, ఇంటి అలవాటు. నాలుగేళ్ళుగా ఒక సంగతి గమనిస్తున్నాను. మిగతా రోజుల్లో పిలిస్తే గానీ రాని ఈ పిల్లలు, సరిగ్గా నవమి పొద్దున్నే డ్రాయింగులన్నీ చుట్టుకుని వరసగా నా గది ముందు నిలబడుతున్నారు. నా చేయి అలవాటుగా జేబు తడుముకుంటుంది. ఏముంటుంది అక్కడ? చేతులు వెనక్కి కట్టుకుని, కట్టరు మాస్టారిలా, చూస్తూ నిలబడతాను.