యాంజియో మీద ఎర్రదారం

డాక్టర్ రాసిచ్చిన చీటీలో యాంజియోగ్రఫీ అన్న మాట చూసి మా ఇంట్లో భయపడనిది నేనొక్కదాన్నే. బీఎస్సీ చదివాను, అర్థం తెలుసు. యాంజియో అంటే రక్తనాళం, గ్రఫీ అంటే చిత్రం తీయడం. మణికట్టు దగ్గరి నాళంలోకి సన్నటి గొట్టం పంపి, గుండె దాకా తీసుకెళ్లి, రంగుమందు వదిలి ఎక్స్‌రేలో చూస్తారు. మందు సాఫీగా పారితే దారి బాగున్నట్టు, సన్నబడితే అక్కడ అడ్డు ఉన్నట్టు. అంతే. చూడడమే తప్ప బాగుచేయడం కాదు. అడ్డు తొలగించి స్టెంట్ వేయడం వేరే పని, దాన్ని యాంజియోప్లాస్టీ అంటారు. ఇదంతా రొట్టెలు కాలుస్తూ మా ఆయనకూ అత్తమ్మకూ విడమరిచి చెప్పాను. ఆ పూట నా చదువు మీద నాకే ముచ్చటేసింది.

మా ఆయనకు ముప్పై ఆరేళ్లు. నెల రోజులుగా మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. రెండేళ్ల పాపను ఎత్తుకుని పైకి రాలేక, సగం మెట్ల మీద దింపి ఆటలాడిస్తున్నట్టు కూర్చునేవాడు. తండ్రీకూతుళ్ల మురిపెం అనుకుని నేను పైనుంచి చూసి నవ్వేదాన్ని.

అత్తమ్మ అంతా విని, "ఫొటో దిగుతె నొప్పి పోతదా?" అని అడిగింది. పోదన్నాను. "మరి పోనిదానికి చెయ్యి పొడిపించుకునుడు ఎందుకు బిడ్డా?" అంది.

మా ఆయన భయం వేరు. ఠాణే దగ్గర మా తెలుగు నేతపనివాళ్లుండే ఈ పద్మనగర్‌లో ఆ మాటకు ఏ పుస్తకంలోనూ లేని అర్థం ఒకటుంది. ఇక్కడ పరీక్షనూ చికిత్సనూ కలిపి 'యాంజియో' అనేస్తారు. ఫలానా వాడికి యాంజియో అయిందంటే, వాడు ఇక సాంచాలు నడపలేడని అర్థం. సాంచా అంటే మరమగ్గం; మా ఆయన షెడ్డులో అలాంటివి ఆరు నడుపుతాడు. ఎదురు చాల్‌లో, ఆ వరుస గదుల్లో ఉండే ఒకాయనకు పరీక్షే జరిగింది, ఏ అడ్డూ లేదని తేలింది. అయినా వారం తిరిగేసరికి ఆయన సాంచాల ముందు ఇంకొకడు నిలబడ్డాడు. షెడ్డులో మనిషి పడిపోతే తమ మెడకు చుట్టుకుంటుందని షెడ్డు యజమానులైన సేఠ్‌ల భయం.

అందుకే ఊళ్లో పెళ్లి ఉందని సేఠ్‌కు అబద్ధం చెప్పి ఠాణే వెళ్లాం. పెద్ద నాళంలో ఒకచోట బాగా మూసుకుపోయిందన్నారు. స్టెంట్ వేయాలి, ఆలస్యం చేయకండి అన్నారు. తర్వాత చూద్దామని మా ఆయన లేచాడు. వారం దాకా గొట్టం దూర్చిన ఆ కుడిచేత్తో ఏదీ ఎత్తొద్దు, గుంజొద్దు అన్నారు. ఇంటికి రాగానే అత్తమ్మ దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టింది. యాంజియో అయిపోయింది, కొడుకు గండం గట్టెక్కాడని ఆమె లెక్క. కాదని చెప్పబోతే ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. కొబ్బరిచిప్పలు అందుకుని వంటింట్లోకి నడిచాను.

మూడో రోజు పొద్దున చొక్కా తొడుక్కుని నా ముందుకు పట్టీ ఉన్న చెయ్యి చాచాడు.

"దీని మీదికెల్లి దారం కట్టు."

నూలిపున్నమి వెళ్లి ఇంకా వారం కాలేదు. ఆ రోజు మా పద్మశాలీలు జంధ్యం మార్చుకుని, గుళ్లో చేతికి దారం కట్టించుకుంటారు. కొన్నాళ్ల దాకా షెడ్డులో ఎవరి మణికట్టు చూసినా ఎర్రగానే ఉంటుంది.

"ఇంకొన్ని దినాలు ఆగరాదూ?" అన్నాను.

"నేను ఆగుత. సాంచలు ఆగుతయా? నీ డిగ్రీ కాయితం నడుపుతదా వాటిని?"

కట్టాను. తెల్లపట్టీ అంచు ఇంకా కనిపిస్తోందన్నాడు. మరో నాలుగు చుట్లు తిప్పి బిగించాను. గొట్టం ఎక్కడ దూరిందో, అక్కడ రక్తం ఎంత ఒత్తిడితో పారుతుందో ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనే. నా చేతులతో నేనే బిగించాను.

మధ్యాహ్నం షెడ్డు నుంచి ఇద్దరు ఆయన్ను ఆటోలో తీసుకొచ్చారు. హ్యాండిళ్లు గుంజీ గుంజీ పట్టీ కింద రక్తం ఊరింది. చెయ్యి ఉబ్బి, దారం కండలోకి దిగి, వేళ్లు నల్లబడ్డాయి. అదే ఆటోలో దగ్గరి దవాఖానకు పరుగెత్తాం. అక్కడి డాక్టరమ్మ దారం కిందికి కత్తెర దూర్చడానికే అవస్థపడింది. ఇంత గట్టిగా ఎవరు కట్టారని హిందీలో కోప్పడింది. నేను చంకలోని పాపకు కొంగు కప్పుతున్నట్టు తల వంచుకున్నాను. గుళ్లో పూజారి కట్టాడని ఆయన చెప్పాడు. ఆ అబద్ధం నాకోసం ఆడాడు.

కబురు మాకంటే ముందే షెడ్డుకు చేరింది. సాయంత్రం సేఠ్ ఫోన్ చేసి ఎంతో మర్యాదగా, ఆరాంగా ఉండమన్నాడు. మా ఆయన నడిపే ఆరు సాంచాలూ మర్నాటి నుంచి ఇంకొకడు నడిపాడు.

చెయ్యి వాపు తగ్గింది. రేపు స్టెంట్‌కు వెళ్తున్నాం. డాక్టర్ చెప్పినా, నేను ఏడ్చినా, మెట్ల మీద ఊపిరి ఆడకపోయినా కదలని మనిషి, సాంచాలు పోయాకే బయల్దేరాడు. "మల్ల యాంజియోనా? మొన్ననే అయిపాయె గద," అంది అత్తమ్మ. ఈసారి నేను అర్థాలేమీ చెప్పలేదు.

సంచి సర్దుతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఈసారి ఏ చేతికెల్లి పోతరు?"

ఎడమ చెయ్యో, తొడ దగ్గరో కావచ్చన్నాను.

"ఎక్కడైతే ఏంది. ఇగ దాసేదేముంది," అని, దారం కోసిన చోట గోటితో మెల్లగా గీరుకున్నాడు.