కడుపు సంగతి

డుంబ్రిగుడ దగ్గర ఒక హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. మాది విజయనగరం వైపు. నాలుగేళ్ల క్రితం ఒక ట్రంకుపెట్టె, ఒక కుక్కరు, ఒక జబ్బు వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాను. మా ఆయన ఉద్యోగం కింద, నాది కొండ మీద.

జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడతాయి. ముదిరినప్పుడు రోజుకు పదిసార్లు బాత్రూంకి పరుగు, రక్తం కూడా పడుతుంది. "ఇది అణుగుతుందమ్మా, పోదు" అన్నాడు విశాఖలో డాక్టరు.

జబ్బు అణిగే ఉండేది. అణగనిది నా భయం. ఘాట్ రోడ్డులో బస్సెక్కితే అందరూ లోయల్ని చూసేవారు. నేను మాత్రం ఏ టీ కొట్టు వెనక బాత్రూం ఉంది, దేనికి గడియ ఊడిపోయింది అని చూసేదాన్ని. ప్రయాణమంటే ముందురోజు మధ్యాహ్నం నుంచే తిండి మానేసేదాన్ని. మా హెడ్మాస్టరు గారు అవి ఉపవాసాలనుకుని, ఈ కాలంలో ఇంత భక్తి ఎవరికుందని స్టాఫ్ రూంలో నన్ను మెచ్చుకున్నారు. కాదని చెప్పలేక చేతులు జోడించి ఊరుకున్నాను.

ఎవరు ఎక్కడికి పిలిచినా మా మేనత్తకు సీరియస్‌గా ఉండేది. ఆవిడ నిక్షేపంలా ఉంది, పాపం.

ఒకరోజు మా ఇంటి ఓనరు, కాఫీ తోట ఉన్న పెద్దావిడ, గుమ్మంలో చతికిలబడింది. ఆవిణ్ణి పెద్దమ్మా అని పిలుస్తాను.

"టీచరమ్మా, పెదబయలు అవతల మా తమ్ముడి కూతురి పెళ్లి. నువ్వూ రావాల. జీపు మాటాడేసినాం."

"మా మేనత్తకి అస్సలు బాగులేదు పెద్దమ్మా."

"నీకెంతమంది మేనత్తలే? దసరాకి ఒకావిడకి బాగులేదు, స్కూలు పిక్నిక్కి ఇంకో ఆవిడకి." దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఎన్నో నెల?"

"ఏటి?"

"నాకాడ దాసకు. తిండి తినవు, బాత్రూంకి పరిగెడతావు, జీపెక్కమంటే ఎక్కవు. నాకు తెల్దేటి?"

పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు వచ్చేసింది. ఆయనకూ డాక్టరుకూ తప్ప ఎవరికీ చెప్పని సంగతంతా, రక్తంతో సహా, ఆవిడకు చెప్పేశాను. ఇక ఏదో పసరు తాగమంటుందనో, ఏ దేవతకో మొక్కుకోమంటుందనో ఎదురుచూశాను.

"అయితే జీపు ఎన్నిసార్లాపాల?" అంది ఆవిడ.

"ఒక్కసారీ అక్కర్లేకపోవచ్చు. అయిదుసార్లయినా కావచ్చు."

"ఆపమంటే ఆపుతాడు. సీర కట్టుకో."

జీపులో పన్నెండుమందిమి. బండి కదలగానే ఆవిడ అందరికీ వినబడేలా, "టీచరమ్మకి పేగుల్లో పుండు. సెయ్యెత్తితే బండాపాల, తెలిసిందా?" అని ప్రకటించింది. తలుపు దగ్గర కూర్చుని ఉంటే దూకేసేదాన్నే. నా ఎదురుగా కూర్చున్న ముసలాయన నోట్లో చుట్ట తీసి, "నేనూ ఎత్తొచ్చా?" అని ఆశగా అడిగాడు. ఆయనకు అరగంటకోసారి దిగాలట, ఇన్నేళ్లూ సిగ్గుపడి బిగబట్టుకుంటున్నాడట. పక్కనున్న చంటిపిల్ల తల్లి కూడా, "నాకు కడుపులో తిప్పుతాది, నేనూ ఎత్తుతాను" అంది.

దారిలో బండి ఏడుసార్లు ఆగింది. అందులో నాది ఒక్కటే. తుప్పల చాటున నేను కూర్చుంటే పెద్దమ్మ తన చీర కొంగు తెరలా పట్టుకుని నిలబడింది.

"అయిందా?"

"ఏమీ రాలేదు పెద్దమ్మా."

"మరెందుకు దిగినావు?"

"భయమేసి."

"సరే, ఆ బయ్యం అక్కడే దించేసి బేగి రా. ముసిలాయన మళ్లీ సెయ్యెత్తేత్తాడు."

పెళ్లిలో మెత్తటి అన్నం, పప్పునీళ్లు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. తిరిగి వచ్చే దాకా కడుపులో చప్పుడే లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ వానాకాలం జబ్బు తిరగబెట్టింది. పది రోజులు సెలవు పెట్టి విశాఖలో ఉన్నాను. మందులకు ముఖం పూరీలా పొంగింది. స్కూలుకు తిరిగి వెళ్తే అందరూ ఒళ్లు చేశానని సంతోషించారు. ఈసారి ఊరుకోలేదు. హెడ్మాస్టరు గారి దగ్గరకు వెళ్లి, అవి ఉపవాసాలు కావండీ అని మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని మళ్లీ తుడుచుకున్నారు. మర్నాటికి మా పదో తరగతిని వరండా చివరి గదికి, బాత్రూంల పక్కకి మార్పించారు.

భయం పూర్తిగా పోలేదు. కొత్త చోటికి వెళ్తే ముందు నా కళ్లు వెతికేది ఇప్పటికీ బాత్రూమే. కానీ క్లాసులో పిల్లలు అలవాటు పడిపోయారు. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి గబగబా బయటికి నడిస్తే ఎవరూ తలెత్తరు. క్లాసు లీడరు గుంట లేచి లెక్క అందుకుంటుంది. నేను వచ్చేసరికి బోర్డు నిండా చేసి ఉంచుతుంది. తప్పే చేస్తుంది, కానీ చాలా ధైర్యంగా చేస్తుంది.