గట్టు పక్క సాక్షి

కర్నూలులో ఒక ఆడిటరు దగ్గర పదేళ్లుగా పన్ను కాగితాలు టైపు చేస్తున్నాను. అపర కుబేరుల మీద ఇంకా పన్ను వేయాలని దేశదేశాల పెద్దలు ఎక్కడో కూర్చుని మాట్లాడుకుంటున్నారని టీవీలో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వేయండి, తప్పకుండా వేయండి. అయితే ఆ పన్ను ఎగ్గొట్టడానికి వాళ్లు ఎవరి గడప తొక్కుతారో నాకు తెలుసు. మా గడపే తొక్కారు.

పత్తికొండ దగ్గర మాకు మూడెకరాల మెట్ట చేను ఉంది. నాన్న పోయాక సేద్యమంతా అమ్మదే. పక్కనున్న ముప్పై ఎకరాలు ఒక కాంట్రాక్టరు కొన్నాడు. క్వారీలు, కల్యాణ మండపాలు ఉన్న మనిషి. ఆ నేలలో కంపచెట్లు తప్ప ఏనాడూ ఏమీ మొలవలేదు. కాగితాల్లో మాత్రం టమోటాలు విరగకాసేవి. సేద్యం మీద వచ్చే రాబడికి పన్ను లేదు మరి. క్వారీలో వచ్చింది టమోటాల్లో వచ్చినట్టు చూపిస్తే చాలు.

ఒక ఏడు పన్ను అధికారులకు అనుమానమొచ్చింది. పంట నిజమేనని గట్టు పక్క రైతు చేత రాయించుకు రమ్మన్నారట. ఆదివారం అమ్మ చర్చి నుంచి వచ్చి తెల్లచీరైనా మార్చుకోకముందే ఆ కాంట్రాక్టరు మా ఇంటికొచ్చాడు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు కారు పంపినవాడు, అమ్మను నోరారా అక్కా అని పిలిచేవాడు. మంచం మీద కూర్చుని మజ్జిగ అడిగి మరీ తాగాడు. మా ఇళ్లలో అట్లా మజ్జిగ తాగిన మనిషి కాగితం చాపితే, అందులో ఏముందని అడగడం అవమానించినట్టే. అమ్మకు సంతకం తప్ప చదువు రాదు. ఆయన్ను ఏమీ అడగకుండా నా వైపు చూసింది.

నేను చదివాను. ఆ నేలలో ఏటా టమోటా బాగా పండుతోందని, ఆ ఏడు కూడా పండిందని, కళ్లారా చూశానని ఉంది. వానలు మొహం చాటేసి అప్పటికే మా చేను పూత మీద వాడిపోతోంది. అయినా ఆ రాత మా చేనుకే అడ్డం తిరుగుతుందని నాకు తట్టలేదు. పోతే సర్కారు సొమ్ము పోతుంది, మనదేం పోతుందిలే అనుకున్నాను.

"ఏం కాదు, పెట్టమ్మా" అన్నాను.

దిగుబడి ధ్రువపత్రం కోసం ఆ కాగితం మొదట మా ఊరి సచివాలయానికే పోయింది. నెల తిరక్కముందే మా చేను నిలువునా ఎండింది. సర్కారు పరిహారం వస్తేనే మళ్లీ నారు, ఎరువు. రాకపోతే చేను బీడే. పంట నష్టం రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి అమ్మ పేరు దగ్గర ఆగిపోయాడు.

"గట్టు అవతల అంత పండిందని నువ్వే రాసిచ్చినావు గదక్కా. ఈ పక్క మాత్రం ఎట్ల ఎండుతాది?" అన్నాడు.

ఎండిన మొక్కలు అతని కాళ్ల కిందే ఉన్నాయి. ఫైల్లో ఉన్న సంతకాన్ని కాదని రాసే ధైర్యం అతనికి లేదు.

కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, ఒక్క మాట చెప్పి పుణ్యం కట్టుకోమని బతిమాలాను. మీ చేను ఎండిందంటే నా పంట అబద్ధమవుతుంది కదమ్మా అని నెమ్మదిగా అన్నాడు. ఆ తర్వాత, ఆ మూడెకరాలు ఎంతకిస్తారని అడిగాడు. అక్కా అని పిలిచిన నోటితోనే. నమ్మించి గొంతు కోయడం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అమ్మ చేను ఇవ్వలేదు. బీడు పెట్టి, మిరపకాయలు కోసే కూలికి పోయింది. ఒక సాయంత్రం మంట పుడుతున్న చేతులను నీళ్లలో ముంచుకుని అడిగింది.

"ఆ పొద్దు నువ్వు చదివినావు గదా పాపా. అంతా అబద్ధమని నీకు తెల్సునా?"

తెలుసన్నాను. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు బ్యాంకు నుంచి ఏ కాగితం వచ్చినా, నేను ఇంట్లో ఉండగానే దాన్ని కొంగు చాటున పెట్టుకుని, చదివించుకోవడానికి పాస్టరమ్మ ఇంటికి పోతోంది.